కారు కొనే ముందు ఏం చూడాలి? తర్వాత మార్చుకోలేనివి ముందు చూడండి

  ఈ ఎపిసోడ్‌లో కారు కొనడం గురించి మాట్లాడుకుందాం. ఏ కంపెనీ మంచిది, ఏ మోడల్ కొనాలి అని నేను చెప్పబోవడం లేదు. ఎందుకంటే మీ ఇల్లు వేరు, మీ రోడ్డు వేరు, మీ జేబు వేరు. కానీ షోరూమ్‌లోకి వెళ్ళేటప్పుడు ఏది ముందు అడగాలి, ఏది చివర అడగాలి అన్న వరస మాత్రం అందరికీ దాదాపు ఒకటే. ఆ వరస తప్పితే పది లక్షలు పెట్టి కూడా మనకు పనికిరాని బండి ఇంటికి తెచ్చుకుంటాం.

మన దగ్గర కారు కొంటున్నానని చెప్పగానే ఎదుటివాళ్ళ నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "మైలేజ్ ఎంతిస్తుంది?" ఇదే ప్రశ్న మీద మారుతి కంపెనీ టీవీ యాడ్‌లు కూడా చేసింది. రెండో మాట, "సన్‌రూఫ్ ఉందా?" మూడోది, "టచ్ స్క్రీన్ ఎంత పెద్దది?" బ్రేక్ వేస్తే బండి ఎలా ఆగుతుంది, గుద్దుకుంటే లోపలివాళ్ళకు ఏమవుతుంది అన్న ప్రశ్నలు చాలాసార్లు రానే రావు.

నేను ఒక చిన్న పద్ధతి చెప్తాను. ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు, కారు కొన్న తర్వాత కూడా మార్చుకోగలిగేవి రాయండి. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, అల్లాయ్ చక్రాలు, హారన్, టైర్లు కూడా. ఇవన్నీ బయట ఏ యాక్సెసరీస్ షాపులోనైనా, టైర్ల షాపులోనైనా దొరుకుతాయి. కుడి వైపు, ఎంత డబ్బు పోసినా తర్వాత మార్చుకోలేనివి రాయండి. బాడీ గట్టిదనం, ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్, ఇంజన్, గేర్‌బాక్స్, పెట్రోలా డీజిలా అన్నది, సీటు ఎత్తు, అద్దంలోంచి కనిపించే రోడ్డు, గ్రౌండ్ క్లియరెన్స్, మీ ఊరికి సర్వీస్ సెంటర్ ఎంత దూరం అన్నది. డబ్బు ముందు కుడి వైపుకు కేటాయించండి, మిగిలితే ఎడమ వైపుకు. ఇవాళ్టి మాటంతా ఇదే. ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు మైలేజ్ లెక్క తేల్చేద్దాం

అందరూ అడిగేది అదే కాబట్టి అక్కడే మొదలుపెడదాం. మైలేజ్ ముఖ్యం కాదని నేను అనను. కానీ అది ఎంత ముఖ్యమో రూపాయల్లో చూడాలి.

లెక్క సులువుగా ఉండటానికి లీటరు పెట్రోల్ 110 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతారు అనుకుందాం, అంటే నెలకు వెయ్యి. లీటరుకు 15 ఇచ్చే కారుకు ఏడాదికి 800 లీటర్లు కావాలి, 88,000 రూపాయలు. 18 ఇచ్చే కారుకు సుమారు 667 లీటర్లు, 73,000 రూపాయల పైచిలుకు. తేడా ఏడాదికి 14,700 దాకా వస్తుంది. నెలకు పన్నెండు వందల చిల్లర. తక్కువేం కాదు. కానీ మూడు కిలోమీటర్ల మైలేజ్ కోసం బ్రేకుల దగ్గర, బాడీ దగ్గర రాజీ పడేంత పెద్ద మొత్తం కూడా కాదు.

ఇందులో ఇంకో విషయం ఉంది. అదే మూడు కిలోమీటర్ల తేడా అన్నిచోట్లా ఒకేలా పని చేయదు. 12 నుంచి 15కి పెరిగితే ఏడాదికి 200 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 23కి పెరిగితే 78 లీటర్లే మిగులుతాయి. అంటే మైలేజ్ ఇప్పటికే బాగున్న రెండు బండ్ల మధ్య ఒకటి రెండు కిలోమీటర్ల తేడా గురించి గంటలు గంటలు కొట్లాడాల్సిన పని లేదు.

కంపెనీ చెప్పే మైలేజ్ ల్యాబ్‌లో, రోలర్ల మీద, ఒక నిర్ణీత పద్ధతిలో కొలిచింది. రెండు కార్లను పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. సాయంత్రం ఏడింటికి హైటెక్ సిటీ నుంచి మియాపూర్ వెళ్ళేటప్పుడు ఏసీ వేసుకుని అదే అంకె రావాలంటే రాదు. షోరూమ్ వాళ్ళను కాకుండా, అదే బండి ఏడాదిగా నడుపుతున్న వాళ్ళను అడగండి.

పెట్రోలా, డీజిలా, కరెంటా?

ఇది కుడి వైపు విషయం. ఒకసారి తీసుకున్నాక మార్చలేం.

మా బావగారు ఖమ్మం దగ్గర పల్లెలో ఉంటారు. రోజూ పొలానికీ మండల కేంద్రానికీ కలిపి ఓ 24 కిలోమీటర్లు, నెలకోసారి హైదరాబాద్ రానూపోనూ నాలుగు వందలు. మొత్తం ఏడాదికి 12,000 వరకు వస్తుంది. "డీజిల్ చౌక కదయ్యా, డీజిల్ బండే తీసుకుంటా" అన్నారు. "బావగారూ, లెక్క వేసి చూద్దాం ఉండండి" అని కూర్చున్నాం.

పెట్రోల్ బండి లీటరుకు 15 ఇస్తే కిలోమీటరుకు 7 రూపాయల 33 పైసలు. డీజిల్ లీటరు 96 రూపాయలు అనుకుని, బండి 20 ఇస్తే కిలోమీటరుకు 4 రూపాయల 80 పైసలు. కిలోమీటరుకు రెండున్నర రూపాయలు మిగిలింది. బాగానే ఉంది. కానీ ఆయన చూసిన మోడల్‌లో డీజిల్ బండి ధర లక్షా ఇరవై వేలు ఎక్కువ. ఆ లక్షా ఇరవై వేలు తిరిగి రావాలంటే 47,000 కిలోమీటర్ల పైన నడపాలి. ఆయన వాడకానికి నాలుగేళ్ళు పడుతుంది. అదే ఏడాదికి 25,000 తిరిగే వాళ్ళకు రెండేళ్ళలోపే వచ్చేస్తుంది. చూశారా, బండి ఒకటే, ఇద్దరికీ సమాధానం వేరు.

డబ్బు ఒక్కటే కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్ 6 బండ్లే అమ్ముతున్నారు. ఈ డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి, అంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడవాలి. రోజూ ఐదారు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసే వాడకంలో అది మూసుకుపోయి, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది. పొలానికి వెళ్ళి వచ్చే బండికి డీజిల్ సరిపోదు అనడానికి ఇదో కారణం. బావగారు పెట్రోల్‌కే మొగ్గారు.

ఎలక్ట్రిక్ కారు అయితే ఒకే ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి: రాత్రి మీరు బండి పెట్టే చోట మీ సొంత మీటరు నుంచి ప్లగ్ పాయింట్ వస్తుందా? వస్తే, రోజువారీ తిరుగుడుకు ఖర్చు చాలా తగ్గుతుంది. రాకపోతే, అంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోకపోతే, ప్రతిసారీ బయట ఛార్జింగ్ స్టేషన్‌కు వెళ్ళాలి. సీఎన్‌జీ అయితే డిక్కీలో సిలిండర్ ఎంత చోటు తింటుందో, మీ దారిలో బంకు ఎక్కడుందో, అక్కడ క్యూ ఎంత ఉంటుందో ఒక ఆదివారం వెళ్ళి చూసి రండి.

బాడీ గట్టిగా ఉంటే చాలా? ఎయిర్‌బ్యాగులు ఉంటే చాలా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చాలామంది తలుపు వేసి చూస్తారు. "దబ్" అని శబ్దం వస్తే గట్టి బండి అంటారు. బానెట్ మీద వేలితో నొక్కి చూస్తారు. అండీ, పైన కనిపించే రేకుకూ, ప్రమాదంలో మనల్ని కాపాడే చట్రానికీ సంబంధం చాలా తక్కువ. ముందు భాగం నలిగిపోవడానికే ఉంది. అది నలుగుతూ దెబ్బ శక్తిని మింగేస్తుంది. మనం కూర్చునే గది మాత్రం నలగకూడదు. అది తలుపు శబ్దంలో తెలియదు, క్రాష్ టెస్టులోనే తెలుస్తుంది.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్ముతున్న ఐదు చిన్న కార్లను గుద్ది చూసింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దవాళ్ళ రక్షణలో సున్నా స్టార్లే వచ్చాయి. అందులో ఫోక్స్‌వ్యాగన్ పోలో ఒకటి. దాని చట్రం నిలబడింది. అయినా సున్నా. ఎందుకంటే తల వెళ్ళి స్టీరింగ్‌కు తగలకుండా ఆపేది ఏమీ లేదు. అదే పోలోను రెండు ఎయిర్‌బ్యాగులతో పరీక్షిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. అంటే గట్టి చట్రం ఉండి ఎయిర్‌బ్యాగు లేకపోయినా కష్టమే. చట్రం నలిగిపోయే బండికి ఎయిర్‌బ్యాగులు పెట్టినా కష్టమే. రెండూ కావాలి.

ఆ తర్వాత మన రూల్స్ చాలా మారాయి. 2019 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ తప్పనిసరి అయ్యాయి. ఆ తర్వాత ముందు ప్యాసింజర్‌కు కూడా ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. 2018లో టాటా నెక్సాన్‌కు ఐదు స్టార్లు వచ్చాయి, మన దేశంలో తయారైన కార్లలో అదే మొదటిది. 2023 అక్టోబర్ 1 నుంచి మన సొంత పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, మొదలైంది. 2024లో కొత్త మారుతి డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు వచ్చాయి. కాబట్టి "చిన్న బండిలో సేఫ్టీ ఎక్కడుంటుంది అండీ" అన్న మాట ఇప్పుడు చెల్లదు.

కానీ స్టార్లు చదవడం కూడా తెలియాలి. మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి.

ఒకటి. ముందు నుంచి గుద్దే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. మనం ఓఆర్ఆర్ మీద వంద దాటి వెళ్తాం. వేగం 60 నుంచి 100కి పెరిగితే దెబ్బ శక్తి రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లు అవుతుంది. ఐదు స్టార్లు ఉన్నాయి కదా అని ఎంత వేగంగానైనా వెళ్ళొచ్చు అనుకోకూడదు.

రెండు. ఈ పరీక్ష దాదాపు అదే బరువున్న బండితో ఎదురుగా గుద్దుకున్నట్టు లెక్క. చిన్న కారు ఐదు స్టార్లూ, పెద్ద ఎస్‌యూవీ ఐదు స్టార్లూ ఒకటే అని కాదు. ఒకే సైజు బండ్లను ఒకదానితో ఒకటి పోల్చుకోండి.

మూడు. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షకు బండి ఇవ్వడం కంపెనీ ఇష్టం, తప్పనిసరి కాదు. కాబట్టి "ఈ మోడల్‌ను పరీక్షించారా? ఏ వేరియంట్లకు ఆ స్టార్లు వర్తిస్తాయి?" అని అడగండి. పెద్దవాళ్ళ రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49 మార్కులు ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే రెండో అంకె చూడటం మర్చిపోవద్దు.

ఎయిర్‌బ్యాగుల సంఖ్య కంటే ముందు నేను అడిగేది ఇంకోటి ఉంది: ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, ఈఎస్‌సీ అంటారు. రాత్రి హైవే మీద వెళ్తున్నారు, గేదె అడ్డం వచ్చింది. స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పారు. బండి వెనక భాగం జారిపోతుంది, తిరగబడిపోతుంది. ఈఎస్‌సీ ఉంటే అది ఏ చక్రానికి ఎంత బ్రేక్ వేయాలో క్షణంలో లెక్కగట్టి బండిని దారిలో పెట్టడానికి చూస్తుంది. ఎయిర్‌బ్యాగు పని గుద్దుకున్నాక మొదలవుతుంది. ఈఎస్‌సీ గుద్దుకోకుండా ఆపడానికి చూస్తుంది. భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు స్టార్లు, అంతకంటే ఎక్కువ రావాలంటే ఇది ఉండి తీరాలి. దీన్ని బయట షాపులో వేయించుకోవడం కుదరదు.

వెనక సీటు గురించి ఒక్క మాట. 2022 సెప్టెంబర్‌లో పాల్‌ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన వెనక సీటులో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అది చాలా ఖరీదైన బండి. బండి ఎంత ఖరీదైనా బెల్టు పెట్టుకోకపోతే దాని పని అది చేయలేదు. కాబట్టి షోరూమ్‌లో వెనక కూర్చుని చూడండి. మధ్యలో కూర్చునే వాళ్ళకు కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? పిల్లల సీటు బిగించడానికి ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా? మన ఇళ్ళలో వెనక కూర్చునేది అమ్మ, అమ్మమ్మ, పిల్లలే కదా.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎడమ వైపు పెట్టుకునేవి కొన్ని కుడి వైపువాటిని పాడు చేస్తాయి. పక్క ఎయిర్‌బ్యాగు చాలా కార్లలో సీటు అంచులోంచి బయటికి వస్తుంది. దాని మీద మందపాటి సీటు కవరు కుట్టించేస్తే అది ఎలా తెరుచుకుంటుంది? అలాగే ముందు వేయించే ఇనుప గార్డు. దెబ్బ తగిలినప్పుడు ముందు భాగం నలగాల్సిన తీరును, సెన్సార్లు దెబ్బను గుర్తించాల్సిన తీరును అది మార్చేస్తుంది. పైగా రోడ్డు మీద వెళ్ళే మనిషికి తగిలితే ఇంకా ప్రమాదం. కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబర్‌లోనే వాటిని తీసేయించమని రాష్ట్రాలకు చెప్పింది. షోరూమ్ వాళ్ళు ఉచితంగా ఇస్తామన్నా వద్దని చెప్పండి.

నడిపేది ఎవరు?

కారు కొనేటప్పుడు నాన్న చూస్తారు, బావ చూస్తారు, ఫ్రెండ్ చూస్తాడు. రోజూ నడిపేది ఇంట్లో అమ్మాయి అయితే ఆమెను టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్ళరు. ఇది మాత్రం చేయకండి. ఎవరు ఎక్కువ నడుపుతారో వాళ్ళే స్టీరింగ్ పట్టాలి. సీటు పైకి జరుగుతుందా, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగే ఉంటుందా, బానెట్ చివర కనిపిస్తుందా, మలుపులో ఏ పిల్లర్ అయినా రోడ్డును కప్పేస్తోందా, వెనక అద్దంలోంచి ఎంత కనిపిస్తోంది, ఇవన్నీ చూడాలి. ఇవేవీ బ్రోచర్‌లో ఉండవు.

షోరూమ్ ముందు నున్నటి రోడ్డు మీద ఐదు నిమిషాలు తిప్పితే టెస్ట్ డ్రైవ్ అవ్వదండీ. ఇంట్లో వాళ్ళందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ మీదుగా వెళ్ళండి. కింద తగులుతోందా? అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద ఆపి, మళ్ళీ కదిలించండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మను ఒకసారి ఎక్కించి దింపండి. సీటు మరీ కిందికి ఉంటే లేవడం కష్టం, మరీ పైకి ఉంటే ఎక్కడం కష్టం. కుదిరితే చీకటి పడ్డాక నడిపి హెడ్‌లైట్ల వెలుగు ఎంతవరకు పడుతోందో చూడండి.

గేర్ల సంగతి కూడా ఇక్కడే తేలాలి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ గంటన్నర నడిపే వాళ్ళకు ఆటోమేటిక్ విలాసం కాదు, మోకాలికి విశ్రాంతి. ఆటోమేటిక్‌లో అన్నీ ఒకటి కాదు. ఏఎంటీ చౌక, మైలేజ్ కూడా బాగుంటుంది, కానీ గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. సీవీటీ, టార్క్ కన్వర్టర్ మెత్తగా ఉంటాయి, ధర ఎక్కువ. మీ నడకకు ఆ కుదుపు ఇబ్బందో కాదో మీరే నడిపి తేల్చుకోవాలి.

కొన్నాక అయ్యే ఖర్చు

ఎక్స్ షోరూమ్ ధర చూసి బడ్జెట్ వేయకండి. దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఉంటాయి. బండి ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కూడా కట్టించుకుంటారు. అది మీ ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు అవుతుంది, వదిలేయకండి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలు లేదు. బయట రెండు చోట్ల అడిగి పోల్చుకోండి.

మన ప్రాంతానికి సంబంధించి ఒకటి గట్టిగా చెప్తాను. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ, మున్నేరు పొంగి ఖమ్మం మునిగాయి. నీళ్ళలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే నీళ్ళు ఇంజన్‌లోకి వెళ్ళి ఇంజన్ పోతుంది. మామూలు పాలసీలో ఆ నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. అది ఉన్నా సరే, మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా తోయించుకుని వెళ్ళడమే మంచిది.

లోన్ గురించి. ఎనిమిది లక్షలు, 9 శాతం వడ్డీ అనుకుంటే, ఐదేళ్ళకు నెలకు సుమారు 16,600 కట్టాలి. ఏడేళ్ళకైతే సుమారు 12,900. "నాలుగు వేలు తగ్గింది కదా, ఆ డబ్బుతో టాప్ మోడల్ తీసుకుందాం" అనిపిస్తుంది. కానీ ఏడేళ్ళలో వడ్డీ దాదాపు 85,000 ఎక్కువ కడతారు.

సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కూడా చూడండి. జిల్లా కేంద్రంలో లేని కంపెనీ బండి కొంటే ప్రతి సర్వీసుకూ ఒక రోజు పోతుంది. స్పేర్ పార్టు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో సేల్స్ వాళ్ళను కాదు, సర్వీసులో బండి ఇచ్చి బయట కూర్చున్న వాళ్ళను అడగండి. నిజం వాళ్ళే చెప్తారు.

చివరికి ఎలా తేల్చుకోవాలి?

బావగారి దగ్గర రెండు కొటేషన్లు మిగిలాయి. దాదాపు ఒకే ధర. ఒకదాంట్లో సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, మెరిసే చక్రాలు ఉన్నాయి, కానీ ఈఎస్‌సీ లేదు, ఎయిర్‌బ్యాగులు రెండే. ఇంకోదాంట్లో స్క్రీన్ చిన్నది, సన్‌రూఫ్ లేదు. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, వెనక ముగ్గురికీ పూర్తి బెల్టులు ఉన్నాయి. మా మేనకోడలికి సన్‌రూఫ్ కావాలి. ఇంట్లో రెండు రోజులు చర్చ నడిచింది. మా అక్క ఒకటే అడిగింది: "నెలనెలా హైదరాబాద్ హైవే మీద వెళ్ళేది మనమే కదా, వాటిలో ఏది తర్వాత పెట్టించుకోగలం?" స్క్రీన్ పెట్టించుకోగలం. ఈఎస్‌సీ పెట్టించుకోలేం. రెండోదే తీసుకున్నారు. స్క్రీన్ ఇంకా మార్చలేదు, ఎవరికీ గుర్తు కూడా లేదు.

మీరూ అదే కాగితం పట్టుకుని షోరూమ్‌కు వెళ్ళండి. ముందు బాడీ, ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, బెల్టులు. తర్వాత మీ వాడకానికి సరిపోయే ఇంధనం, గేర్‌బాక్స్. ఆ తర్వాత మీ ఒంటికీ మీ రోడ్డుకూ సరిపోతుందా అన్నది. తర్వాత సర్వీసు, మొత్తం ఖర్చు. ఇవన్నీ తేలాక మిగిలిన రెండు మూడు బండ్లలో మైలేజ్, రంగు, స్క్రీన్ చూసి మీకు నచ్చింది తీసుకోండి. ఆఫర్ ఇవాళే ఆఖరు అని తొందర పెడితే, ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని వస్తామని చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఏ కాగితాలు చూడాలి, మునిగిన బండిని ఎలా గుర్తుపట్టాలి అన్నది మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు. వెనక సీటులో కూర్చున్నా సరే, బెల్టు పెట్టుకోండి. నమస్తే.